వేసవియందు పెంపుడు జంతువుల యెడ మన ధర్మము

ఈ సంచిక చదువరుల చేతికి చేరునప్పటికి పరీక్షలు ముగిసి, వేసవి సెలవులు సమీపించుచుండును. ఉప్పల్, నాచారము, రామంతపురము, హబ్సిగూడ, మల్లాపురము ప్రాంతములనుండి మన పాఠశాలకు వచ్చు బాలబాలికలలో పెక్కండ్ర యిండ్లయందు కుక్కయో, పిల్లియో, పంజరములో పిట్టల జంటయో, గాజుతొట్టిలో చేపలో కలవని మేమెఱుగుదుము. తమకు ప్రియమైనదానినిగూర్చి వ్యాసము వ్రాయుమని తరగతిలో చెప్పినప్పుడెల్ల, తల్లిదండ్రుల తరువాత వీనినే పేర్కొనువారు అనేకులు. ఆ ప్రేమ నిజమైనదే. కాని ప్రేమ వేఱు, ఎఱుక వేఱు. ప్రేమ నిండిన యిండ్లలోనే ఎఱుక చాలక ఈ మూగజీవులు వడదెబ్బచే చచ్చుచున్నవి. ఇందులకు దృష్టాంతము వెదకుటకు మేము పరుల యిండ్లకు పోనక్కఱలేదు. మా యింటనే జరిగినది. చెప్పుకొనుటకు సిగ్గుగానున్నను, పదిమందికి మేలు కలుగునేమోయని చెప్పుచున్నాము.

నాచారమునందు ఒక యింటి మేడమీది వాటాలో మేము కాపురముండిన దినములవి. మోతి యను పేరుగల నాటుకుక్క యొకటి మా పిల్లలతోపాటు పెరుగుచుండెను. ఏప్రిల్ నెలాఖరున ఒకనాడు, పదవతరగతి జవాబుపత్రములు దిద్దు పనికై ఉదయము ఎనిమిది గంటలకే మేము బయలుదేరవలసి వచ్చెను. ఇంటివారందఱు పెండ్లికి పొరుగూరు పోయియుండిరి. ఇల్లు తాళము వేసినచో మోతి లోపల ఉక్కతో బాధపడునని తలచి, డాబామీద మెట్లగది గోడకు పడమటి ప్రక్కన, చల్లగా నీడపడిన చోట గొలుసుతో కట్టి, గిన్నెనిండ నీరు పోసి, తల నిమిరి వెళ్ళితిమి. మంచి పని చేసితిమనియే మా నమ్మకము.

మధ్యాహ్నము మూడున్నరకు తిరిగి వచ్చి చూడగా, ఉదయము నీడయున్న చోట నిప్పులు చెరుగు ఎండ కాయుచుండెను. గోడనీడ తూర్పు ప్రక్కకు పోయియున్నది. గొలుసు పడమటనే యున్నది. నీటిగిన్నె బోర్లపడి యెండిపోయి యున్నది. మోతి ఆ గొలుసు సాగినంతమేర సాగి, గోడమూల దగ్గఱ, నీడ అంచునకు జానెడు దూరమున పడియుండెను. ఆ సాయంకాలమే ప్రాణము విడిచెను. భూమి తిరుగుటవలన నీడ దిక్కు మారునని ఏటేట నల్లబల్లమీద బొమ్మగీసి పిల్లలకు బోధించువారము మేము. ఆ పాఠమును మా డాబాకు అన్వయించుకొనమైతిమి. చదువు ఆచరణలోనికి దిగనిచో అది చదువు కాదని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు మా గురువులు పలుమారు చెప్పిరి. ఆ మాటకు అర్థము మాకు ఆనాడు తెలిసినది.

నాటినుండి మా మనస్సున నాటుకొనిన సంగతి యిది. వీధికుక్కను గమనింపుడు. ఎండ ముదిరినకొలది అది తన చోటు మార్చుకొనుచుండును. ఉదయము గోడప్రక్కన, పదిగంటలకు లారీక్రింద, మధ్యాహ్నమున మురుగుకాలువ చెంత తడిమట్టి గోకి ఆ గుంటలో పడుకొనును. దానికి నీడ ఎక్కడ దొరకునో వెదకుకొను స్వేచ్ఛ కలదు. మన కుక్కకు ఆ స్వేచ్ఛ లేదు. గొలుసు, గేటు, పంజరము, తాళము, ఇవన్నియు మనము కల్పించినవి. ఒక జంతువును కట్టివేసిననాడే దానికి నీడ వెదకు పని, నీరు వెదకు పని, గాలి వెదకు పని మన మీద పడినవి. ఇది దయ కాదు, దానము కాదు, బాకీ. తీర్చని బాకీకి వడ్డీగా ఆ మూగజీవి తన ప్రాణమును చెల్లించుచున్నది.

ఎండ మనుష్యునికంటె జంతువునెక్కువగా బాధించుటకు దేహనిర్మాణమే కారణము. మనకు ఒడలెల్ల చెమట పట్టును. ఆ చెమట ఆరుటవలన దేహము చల్లబడును. కుక్కకు చెమట ముఖ్యముగా పాదముల అడుగుననే పట్టును. అది దేహమును చల్లబరచుటకు చాలదు. నాలుక వ్రేలవేసి వగర్చుటవలన నోటిలోని తడి ఆవిరియై లోనివేడి వెలికి పోవలయును. కుక్కకు సహజముగా 38 మొదలు 39 సెంటిగ్రేడు డిగ్రీల దేహోష్ణము ఉండును. అది 41కి చేరినచో ప్రాణాపాయము; 43కు చేరినచో మెదడు, మూత్రపిండములు, ప్రేగులు చెడిపోవును. చుట్టునున్న గాలి వేడిగానో, తేమతో నిండియో, కదలికలేకయో యున్నచో ఎంత వగర్చినను ఫలముండదు. కావుననే స్నానపుగదిలో నేల చల్లగానుండునని అందులో పెట్టి తలుపు మూయుటయు అపాయకరమే. నేల చల్లనిదే కాని గాలి ఆడదు.

పిల్లి తన దేహమును నాకికొని ఆ తడిచే కొంత చల్లబడును. పిల్లి నోరు తెఱచి వగర్చుట కనబడినచో అది ఆపదలోనున్నదని తెలిసికొనవలయును. పక్షులకు చెమటయే పట్టదు. రెక్కలను దేహమునుండి ఎడముచేసి, ముక్కు తెఱచి గొంతు అదరించుచుండును. కుందేలు తన పెద్దచెవులగుండ వేడిని వెడలించును. 30 డిగ్రీలు దాటిన తోడనే దానికి కష్టము మొదలగును. ఇక చేపలమాట. నీరు వేడెక్కినకొలది అందు కరగియుండు ప్రాణవాయువు తగ్గును. 20 డిగ్రీల నీటియందు లీటరునకు దాదాపు 9 మిల్లీగ్రాములు ఇముడును; 30 డిగ్రీల నీటియందు ఏడున్నర మాత్రమే. కిటికీప్రక్కన ఎండ తగులు తొట్టిలో చేపలు పైకివచ్చి నోరు తెఱచుచున్నచో అవి ఆడుకొనుటలేదు, ఊపిరికై పాటుపడుచున్నవి.

మన ప్రాంతపు ఎండ సామాన్యమైనది కాదు. 1966వ సంవత్సరము జూను 2వ తేదీన హైదరాబాదునందు 45.5 డిగ్రీల ఎండ నమోదైనది. 2015వ సంవత్సరము మే నెలలో వీచిన వడగాడ్పులకు దేశమున రెండువేలకు పైగా జనులు మరణించిరి. వారిలో అత్యధికులు మన రెండు తెలుగు రాష్ట్రములవారే. మనుష్యులను లెక్కపెట్టినారు గాని, గొలుసులకు కట్టబడి చచ్చిన జంతువులను లెక్కపెట్టినవారు లేరు. మఱియొక విశేషము. ఏటేట మే 9వ తేదీ ప్రాంతమున మధ్యాహ్నము సూర్యుడు మన హైదరాబాదునకు నడినెత్తిన నిలుచును. ఆ సమయమున నిట్టనిలువు వస్తువునకు నీడయే పడదు. ఆ దినమును శూన్యఛాయా దినమందురు. దీని అర్థమేమి? ఏప్రిల్, మే నెలలలో మిట్టమధ్యాహ్నమున గోడ యిచ్చు నీడను నమ్ముకొనరాదు. పైన కప్పు ఉన్నచోటనే నీడ.

ఆ కప్పైనను ఎట్టిదైన చాలదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని మన పెద్దలు చెప్పుదురు. వారు వసించినవి మట్టిగోడల యిండ్లు. ముంగిట వేపచెట్టు, పెరటిలో బావి, ఊరిబయట చెఱువు. ఎనుములు మధ్యాహ్నమెల్ల చెఱువునీటిలో మునిగియుండెడివి. నేడు నాచారమునందు పారిశ్రామిక వాడల రేకుల షెడ్లు, ఉప్పలునందు అంతస్తులపై అంతస్తులు. పెద్దచెఱువు, నల్లచెఱువు పేరునకు మిగిలియున్నవి గాని, వాని నీరు పశువుల నోటికి తగినదని చెప్పుటకు మాకు ధైర్యము చాలదు. నేలయెల్ల సిమెంటు. పగలంతయు పీల్చుకొనిన వేడిని ఆ సిమెంటు రాత్రి పదిగంటలవఱకు వెడలగ్రక్కుచుండును. ఇనుపరేకు క్రింద, సిమెంటు రేకు క్రింద నీడ కలదు గాని చల్లదనము లేదు. అది పొయ్యిమీది మూకుడు వంటిది. రేకుపై గడ్డియో, తాటాకో, తడిపిన గోనెసంచులో కప్పి, రెండు ప్రక్కల గాలి ఆడనిచ్చినప్పుడే అది జంతువునకు తగిన చోటు.

ఈ విషయమున చట్టము ఏమి చెప్పుచున్నదో విద్యార్థులు తెలిసికొనదగును. బండ్లులాగు ఎడ్లు, బరువుమోయు గాడిదలు మొదలగువానిని గూర్చి 1965వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము నియమములు చేసినది. ఉష్ణము 37 డిగ్రీలకు మించు ప్రాంతములలో మధ్యాహ్నము 12 మొదలు 3 గంటల వఱకు వానిచే పని చేయింపరాదు. అంతకుముందే 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చెను. చాలినంత ఆహారము, నీరు, నీడ ఇయ్యకుండుటయు, మితిమీరిన పొట్టి గొలుసుతో మితిమీరిన కాలము కట్టివేయుటయు ఆ చట్టమున నేరములే. 1976లో రాజ్యాంగమునకు చేర్చిన పౌరవిధులలో సకల ప్రాణులయందు కరుణ చూపుట యొకటి. విశ్రాంతిదినమునుగూర్చిన ఆజ్ఞయందు యజమానునితోపాటు అతని పశువులకును విశ్రాంతి చెప్పబడినదని మన పాఠశాల పిల్లలెఱుగుదురు. కష్టించి పనిచేయు ఎద్దుకు మధ్యాహ్నము మూడు గంటల విరామమును చట్టమే యిచ్చుచుండగా, పనియేమియు లేక, ప్రేమతో పెంచుకొను కుక్కను అదే వేళ డాబామీద కట్టియుంచుట ఎంత విపరీతము!

మా మాటలకు ఎదురు చెప్పువారును కలరు. వారి మాటలను త్రోసిపుచ్చుట న్యాయము కాదు గనుక ఒక్కొక్కటిగా విచారింతము.

మనుష్యులకే నీళ్ళు లేక ట్యాంకర్లకై ఎదురుచూచుచుండగా కుక్కలకు నీళ్ళా యని కొందఱందురు. పదిహేను కిలోల తూకముగల కుక్కకు దినమునకు సుమారొక లీటరు, మండువేసవిలో రెండు లీటర్లు చాలును. ఒక్క చెంబు బోర్లించినంత నీరు. కారు కడుగుటకు గొట్టము విప్పినచో ఒక్క నిమిషములో పోవునది అంతకంటె ఎక్కువ. నీటి కొఱత గలవాడే నీటి విలువ ఎఱుగును. ఎఱిగినవాడు దప్పిగొన్నవానికి చెంబెడు నీరు లేదనడు. వేసవియందు బాటసారులకు చలివేంద్రములు పెట్టుట, బావిచెంత పశువులకై రాతితొట్టి నింపియుంచుట తెలుగునాట నీరు విరివిగానున్నందున పుట్టిన ఆచారములు కావు, కొఱతలోనే పుట్టినవి.

కుక్క ఎండకు పుట్టిన జంతువేకదా, వీధికుక్కలు బ్రతుకుటలేదా యని మఱికొందఱందురు. బ్రతుకుచున్నవి, ఏలయన వానికి గొలుసు లేదు. అంతేగాక నేడు మన యిండ్లలో పెరుగునవన్నియు నాటుకుక్కలు కావు. 2003వ సంవత్సరమున ఒక టెలిఫోను కంపెనీవారి ప్రకటనయందు బాలుని వెంట నడచిన చప్పిడిముక్కు పగ్ కుక్కను చూచి దేశమెల్ల ముచ్చటపడినది. నాటినుండి అట్టి కుక్కలు మన వీధులలో విస్తరించినవి. ముక్కు పొట్టిదైనకొలది శ్వాసమార్గము ఇరుకగును. వగర్చి చల్లబడు శక్తి తగ్గును. చల్లని దేశమైన బ్రిటనులోనే బుల్‌డాగు, పగ్ మొదలగు చప్పిడిముక్కు కుక్కలు వడదెబ్బకు ఎక్కువగా లోనగుచున్నవని 2020వ సంవత్సరమున అచ్చటి పరిశోధకులు ప్రకటించిరి. వడదెబ్బ తగిలి వైద్యునికడకు వచ్చిన కుక్కలలో ఏడింట ఒకటి చచ్చినదని వారి లెక్క. ఇక మంచుదేశపు హస్కీని కొని తెచ్చి ఉప్పల్ ఎండలో పెంచువారిని ఏమనవలయును? చూడముచ్చటగానుండునని కొనుటకు ముందు, దీనికి మన యింట మే నెల ఎట్లు గడచునని ఒక్కసారి ఆలోచించుట మేలు.

ఇక మూడవ మాట అన్నింటికంటె బరువైనది. 2023వ సంవత్సరము ఫిబ్రవరిలో, మనకు కూతవేటు దూరముననున్న అంబర్‌పేటలో, వీధికుక్కల గుంపు నాలుగేండ్ల బాలుని చంపినది. ఆ దుఃఖము మఱచి కుక్కలపై దయ చూపుడని ఏ తల్లితోనైన చెప్పుటకు మాకు నోరు రాదు. కావున స్పష్టముగా వ్రాయుచున్నాము. పిల్లలు తెలియని కుక్కను సమీపింపరాదు, తాకరాదు, ఆహారము పెట్టరాదు. వీధిజంతువులకు నీటితొట్టి పెట్టదలచినచో పెద్దవారే, పిల్లలు ఆడుచోటులకును బడి గేటులకును దూరముగా పెట్టవలయును. పడిపోయిన జంతువు కనబడినచో పిల్లలు పెద్దలకు చెప్పవలయును; పెద్దలు పశువైద్యునికో, 1992లో మన నగరమున స్థాపింపబడిన బ్లూ క్రాస్ వంటి సంస్థకో తెలుపవలయును. అయినను మేము ముఖ్యముగా వ్రాయుచున్నది వీధికుక్కలనుగూర్చి కాదు. మన గేటులోపల, మన చేతితో కట్టబడిన జంతువునుగూర్చి. దాని విషయమున ఈ భయము సాకు కాజాలదు.

ఇంతకును చేయవలసినదేమి? మేము నేర్చుకొనినవానిని పిల్లలు సులభముగా ఆచరించునట్లు చెప్పెదము.

మొదటిది, వేళ. ఉదయము పది మొదలు సాయంకాలము అయిదు వఱకు జంతువు ఇంటిలోపల, గాలియాడు చోట ఉండవలయును. వాకింట కట్టక తప్పనిచో వరండా కప్పుక్రింద, పొడవైన త్రాటితో, నీడ ఎటు జరిగినను అటు జరుగగలుగునట్లు కట్టవలయును. నడకకు తీసికొనిపోవుట ఏడుగంటలలోపల, లేనిచో సూర్యాస్తమయము తరువాత రోడ్డు చల్లబడినపిమ్మట. చేతి వెనుకభాగమును రోడ్డుపై ఆనించి అయిదు లెక్కించునంత సేపు ఉంచజాలకున్నచో, కుక్కపాదము ఆ రోడ్డుమీద నడువజాలదు. మనము చెప్పులు తొడిగికొని దానిని ఈడ్చుకొనిపోవుట క్రూరత్వము. వ్యాయామము మంచిదని మధ్యాహ్నము బంతి విసరి పరుగెత్తించువారు కలరు. బ్రిటనునందు వడదెబ్బ తగిలిన కుక్కలలో సుమారు నాలుగింట మూడువంతులకు ఆట, పరుగు, నడకలే కారణమని పై పరిశోధకులే కనుగొనిరి. కుక్కకు యజమానునితో ఆడుట ప్రాణము. అలసితినని అది చెప్పదు, ఆగదు. ఆపవలసినవారము మనమే.

రెండవది, నీరు. బోర్లపడని బరువైన మట్టిపాత్రయో, రాతిపాత్రయో రెండుచోట్ల ఉంచవలయును. పలుచని స్టీలుగిన్నె ఎండలో పెనమువలె కాలును. గొలుసు తగిలిన పడిపోవును. మోతికి మేము పెట్టినది అట్టి గిన్నెయే. పాత్రను దినదినము పీచుతో తోమి క్రొత్తనీరు పోయవలయును. లేనిచో డెంగ్యూ వ్యాపింపజేయు దోమ పాత్ర అంచుననే గ్రుడ్లు పెట్టును.

మూడవది, కారు. బయట 35 డిగ్రీలున్నప్పుడు ఎండలో మూసియుంచిన కారులోపల అరగంటలో 50 డిగ్రీలు దాటవచ్చును. అద్దము రెండంగుళములు దించుటవలన చెప్పుకొనదగినంత మేలు లేదు. అయిదు నిమిషములలో వత్తుమని దుకాణమునకు పోయి, అచ్చట వరుసలో నిలిచి అరగంట గడపుట మనకందఱకు అనుభవమే. కుక్కనైనను, పసిబిడ్డనైనను కారులో ఒంటిగా విడువరాదు.

నాలుగవది, ఇతర జంతువులు. పంజరమును మేడ వరండాలో పడమటి యెండకు వ్రేలాడదీయరాదు. స్నానము చేయుటకు పిట్టలకు పలుచని పళ్ళెములో నీరుంచవలయును. రామచిలుకను పెంచుట 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరమనియు ఈ సందర్భమున గుర్తుచేయుచున్నాము. కుందేలు గూటిలో తడిగుడ్డ చుట్టిన నీటిసీసా నొకటి పెట్టినచో అది దానికి ఆనుకొని పడుకొనును. కోళ్ళగూడు రేకుపై తడి గోనె కప్పవలయును. దట్టమైన బొచ్చుగల కుక్కకు తలవెండ్రుకలు గొరిగినట్లు చర్మమువఱకు గొరిగింపరాదు. ఆ బొచ్చే దానికి ఎండనుండి గొడుగు. దువ్వి రాలినబొచ్చు తీసివేసిన చాలును.

ఇన్ని జాగ్రత్తలు తీసికొనినను వడదెబ్బ తగిలినచో గుర్తింపవలసిన లక్షణములివి. ఆగక వగర్చుట, చిక్కని చొంగ కారుట, చిగుళ్ళు ఎఱ్ఱబడి తరువాత పాలిపోవుట, వాంతి, తూలుచు నడచుట, పిలిచినను పలుకకుండుట. అట్టి సమయమున చాలమంది చేయు పొరపాటు, జంతువును ఆటోలో వేసికొని వైద్యశాలకు పరుగెత్తుట. మన ఉప్పల్ కూడలి దాటుటకే అరగంట పట్టు దినములు కలవు, అంతలో మించిపోవును. ముందు చల్లబరచుడు, తరువాత తీసికొనిపొండు. నీడలోనికి మార్చి, దేహమెల్ల తడియునట్లు నీరు పోయుచు, ఫంకా వేసి గాలి తగులనీయవలయును. నీరు ముక్కులోనికి పోనీయరాదు. చల్లని నీరు పోసిన చచ్చునను పాతభయమునకు ఆధారము లేదని నేటి పశువైద్యులు తేల్చిరి. తడిగుడ్డ కప్పి ఊరకయుంచినచో ఆ గుడ్డయే వేడెక్కి దుప్పటివలె పనిచేయును. తెలివితోనున్నచో కొంచెము కొంచెముగా త్రాగనీయవలయును. బలవంతముగా గొంతులో పోయరాదు. మనము జ్వరమునకు వేసికొను పారాసిటమాల్ మాత్ర ఎన్నడును ఇయ్యరాదు. పిల్లికి అది విషము, కుక్కకును హానికరము. చల్లబరచుచునే వైద్యునికి ఫోనుచేసి, కొంత తేరుకొన్నట్లు కనబడినను తప్పక చూపవలయును. లోపలి అవయవములకు కలిగిన హాని పైకి కనబడదు.

ఇచ్చట ఒక చిన్న విషయము. మధ్యాహ్నమున మన కొళాయి త్రిప్పినచో డాబామీది ప్లాస్టిక్ ట్యాంకునుండి వచ్చునది కాగిన నీరు. ఆపద వచ్చినప్పుడు ఆ నీరు పనికిరాదు. కావున వేసవి నాలుగు నెలలు ఇంటిలో నీడపట్టున రెండు బకెట్లు నింపియుంచుకొనుడు. ఆనాడు మోతి ఒడలిమీద మేము మొదట పోసినది కొళాయి నీరే. చేయి కాలి, తెలిసికొని, వంటయింటి కుండలోని నీటికై పరుగెత్తునప్పటికి ఆలస్యమైనది.

సెలవులకు ఊరికి పోవు కుటుంబములకు ఒక మనవి. పక్కవాటావారికి తాళమిచ్చి దినమునకొకసారి చూడుడని చెప్పిపోవుట చాలదు. మూసిన యింటిలో కరెంటు పోయినచో, ఫంకా ఆగినచో, నీటిగిన్నె బోర్లపడినచో తెలిసికొనువారెవరు? ఉదయము, మధ్యాహ్నము, రాత్రి చూడగల మనుష్యుని కుదుర్చుకొనవలయును. లేదా మీవెంట తీసికొనిపోవలయును. తీసికొనిపోవు వీలులేదు, చూచువారు లేరు, అయినను పోవుదుమనుట ఆ జంతువునకు శిక్ష విధించుటయే. తలిదండ్రులారా, మీ బిడ్డలు ఈ విషయమున మిమ్ము ప్రశ్నించినచో విసుగుకొనకుడు. ఇంటిలో అన్నింటికంటె బలహీనమైన ప్రాణికి మనమేమి చేయుదుమో చూచియే, రేపు మనము బలహీనులమైనప్పుడు మనకేమి చేయవలయునో వారు నేర్చుకొందురు.

బాలబాలికలారా, సెలవులకు మేము వేఱు లెక్కలిచ్చుట లేదు; ఈ యొక్క పని చేయుడు. సుద్దముక్క తీసికొని, మీ కుక్కను కట్టుచోట, లేక పంజరముండుచోట, ఉదయము ఎనిమిది గంటలకు నీడ అంచున నేలమీద గీత గీయుడు. మరల పండ్రెండు గంటలకు, మూడు గంటలకు, అయిదు గంటలకు గీయుడు. ఎండలోనికి పోవునప్పుడు తలకు గుడ్డ చుట్టుకొని, కాళ్ళకు చెప్పులు తొడిగికొని పొండు. ఆ నాలుగు గీతలను చూపి, ఇక్కడ కట్టవచ్చునా యని మీ నాన్నగారిని, అమ్మగారిని అడుగుడు. జూనులో బడి తెఱచిన దినమున ఎవరి గీతలు ఎంత జరిగినవో తరగతిలో విందము. ఆ పాఠమును మేము ఒక ప్రాణమును పోగొట్టుకొని నేర్చుకొంటిమి. మీరు సుద్దముక్కతో నేర్చుకొనుడు.